తప్పు వదలని గాయకుడు

"ఇందులో ఏముందయ్యా? లేచాడు, పాడాడు, పడుకున్నాడు. ఎవరు కొంటారు దీన్ని?" అంటూ ప్రచురణకర్త కాగితాల కట్టను బల్ల మీద పడేశాడు.

రచయిత తల గోక్కున్నాడు. ఇప్పటికి పదిమంది ప్రముఖుల ఆత్మకథలు రాసిపెట్టాడు. ఒక్కదాని మీదా తన పేరు లేదు. ఈసారి దేశమంతా ఎరిగిన గాయకుడు ఏరికోరి తననే పిలిపించుకుంటే, ఇన్నాళ్లకు నా కలం బలం తెలిసినవాడు దొరికాడని పొంగిపోయాడు. తీరా చూస్తే ఆ మహానుభావుడికి తాగుడు లేదు, పేకాట లేదు, ఆడవాళ్ల గొడవ లేదు, కనీసం పెళ్లయినా లేదు.

"ఒక్క ప్రేమకథైనా లేదా సార్?" అని వెళ్లి బతిమాలాడు.

"ఏదో ఒకటి కల్పించండి, మీ ఇష్టం," అన్నాడు గాయకుడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

కల్పించే సరుకే బుర్రలో ఉంటే ఊళ్లోవాళ్ల ఆత్మకథలు ఎందుకు రాస్తాడు? చేతిలో ఉన్న ఒకే ఒక్క విషాదం తనది. దాన్నే ఆయనకు అరువిచ్చాడు.

పద్దెనిమిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఎవరి బాల్యమో రాస్తూ రాస్తూ తాను నోరు తెరుచుకుని కునుకు తీస్తుంటే, భార్య పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. ఎవరితో వెళ్లిందో ఈనాటికీ తెలియదు. తిరిగొస్తుందన్న ఆశ ఎప్పుడో పోయింది. ఎవరితో అన్న ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మనసు కుదుటపడుతుందని అనుకుంటాడు.

కథలో ఆ కునుకు తీసేసి కచేరీ పెట్టాడు. ఇరుగుపొరుగు గుర్తుపట్టి నవ్వుతారని ఆమె ఆకుపచ్చ పెట్టెను ఎర్రపెట్టె చేశాడు. గాయకుడు ఏడ్చే చోట తానూ ఏడ్చాడు. తన కథ ఇంకొకడికి రాసిచ్చి తానే ఏడ్చే వెర్రివాడు ఇంకెవడైనా ఉంటాడా అని నవ్వుకున్నాడు కూడా.

ప్రచురణకర్త ఎగిరి గంతేశాడు. ఇక గాయకుడు చూసి సరేననాలి. పాటలో స్వరమైనా, కాగితంలో కామా అయినా, తప్పు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు.

వారానికి కాగితాలు తిరిగొచ్చాయి. రెండుచోట్ల కన్నీళ్లు పడి సిరా అలుక్కుపోయింది. నా రాత ఎంతటివాణ్నయినా ఏడిపిస్తుందని రచయిత తెగ మురిసిపోయాడు.

ఆయన దిద్దిన తప్పు ఒక్కటే. 'ఎర్రపెట్టె' అన్న మాట కొట్టేసి, పక్కన చిన్న అక్షరాలతో రాశాడు: "ఎర్రది కాదు, ఆకుపచ్చది; గొళ్లెం ఊడిపోతే తాడు కట్టి తెచ్చుకుంది."