టక్కుమనే స్టార్టర్

మూడో రోజు కూడా తాళం తిప్పితే బుల్డోజర్ స్టార్టర్ టక్కుమని ఊరుకుంది.

నారిన్ పట్నం నుంచి వచ్చిన మెకానిక్ బురుల్చా నా వంక గుర్రుగా చూసింది. కనుమ మీద మంచు తోస్తేగానీ ఆమె ఇంటికి వెళ్లలేదు. తోయాల్సింది నేను, ఈ బండితో.

"బ్యాటరీలు రాత్రంతా పొయ్యి పక్కనే పెట్టావా, తుర్గున్?"

"కన్నబిడ్డల్లా చూసుకున్నా. నా దుప్పటి కూడా వాటికే కప్పా."

"మరి నీ బుర్రకేం కప్పావ్? అదే గడ్డకట్టినట్టుంది!"

స్టార్టర్ మీద సుత్తితో రెండు తట్టి, "ఇప్పుడు తిప్పు" అంది. మళ్లీ టక్.

నిజం చెప్పేస్తాను. మొదటి రెండు రోజులూ బ్యాటరీ ఎర్త్ వైరు నట్టు వదులుగా ఉంచింది నేనే. నా భార్య పోయిన ఆరేళ్లకి, ఈ గుడిసెలో నాతో పోట్లాడుతూ టీ తాగే మనిషి దొరికింది మరి. ఇంత పేరున్న మెకానిక్ ఆ వైరు వంక చూడకపోవడం నా అదృష్టమనుకున్నాను.

నిన్న రోడ్డు ఆఫీసు వాళ్లు రేడియోలో నన్ను ఉతికి ఆరేశారు. అందుకే ఈ ఉదయం బుద్ధిగా నట్టు బిగించి, చేతితొడుగుల కోసం లోపలికి వెళ్లొచ్చాను. ఇంకేం రోగం దీనికి?

"ఇవాళ్టికింతే. టీ పెట్టు" అంటూ బురుల్చా జేబులోంచి గుప్పెడు ఎండుపెరుగు ఉండలు తీసి నా చేతిలో పోసింది.

ఒకటి నోట్లో వేసుకోబోయి ఆగాను. ఆ ఉండల మధ్య నా నట్టు ఉంది.

దాన్ని తిరిగి ఆమె జేబులోనే వేసి, టీ పెట్టడానికి వెళ్లాను.