ఫ్యూజు చోట రాగి తీగ

“సీటు కింద ఏదో మాడుతోందిరా,” అంటూ అక్క నా షెడ్డు ముందు మోటారు సైకిలు దిగింది.

సీటు ఎత్తగానే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. వైర్లు కలిసే కనెక్టరు సగం కరిగిపోయింది. ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. దానికి జానెడు దూరంలో పెట్రోలు ట్యాంకు.

హ్యాండిల్ దగ్గర ఒక వైరు ఒరుసుకుని తొడుగు ఊడింది. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టి ఉంది. ఫ్యూజైతే తాను మాడి బండిని కాపాడేది. తీగ మాడదు, బండినే మాడుస్తుంది.

“ఏ మెకానిక్ చేశాడక్కా ఇది? పేరు చెప్పు. పనిని మోసం చేసేవాడు హంతకుడితో సమానం. వాడి షాపు ముందే నిలబెట్టి కడిగేస్తా.”

“ఉపన్యాసం తర్వాత. ఆసుపత్రిలో డ్యూటీకి టైమవుతోంది.”

కొత్త కనెక్టరు బిగించాను, వైరు మార్చాను. ఫ్యూజు పెట్టబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

“అది వద్దు. తీగే ఉంచు. నేనే పెట్టుకున్నా.”

“నిలువునా కాలిపోతావక్కా.”

“పోయిన వారం ఫ్యూజు మాడి మిల్లు వెనక బండి ఆగిపోయింది. ఇద్దరు మగాళ్లు వచ్చి చెరోపక్కా నిలబడ్డారు. లారీ ఒకటి హారన్ కొడుతూ వస్తే గానీ కదల్లేదు. కాలితే దూకేస్తానురా. ఆగితే ఏం చెయ్యను?”

“ఇక ఆగదు. వైరు మార్చాను కదా.”

“ఎప్పటికీ ఆగదని రాసిస్తావా?”

అక్క నా చెయ్యి వదల్లేదు.