మడుగు మట్టి

ఎండిపోయిన అడవిలో ఒక ఏనుగు మడుగు తవ్వింది. "రండి, ఇక్కడే ఉండి మీకొచ్చిన పని చేసుకు బతకండి. వచ్చినదాంట్లో నాకింత పెడితే చాలు" అని అందరినీ పిలిచింది.

గిజిగాడు వచ్చాడు. గట్టు మీది తుమ్మచెట్టుకు గూళ్లు అల్లి, అల్లడం రాని పిట్టలకిచ్చి, బదులుగా పళ్లు పుచ్చుకునేవాడు. ఏనుగు వాటా ఏనుగుకు పెట్టేవాడు.

రోజూ సాయంత్రం ఏనుగు వచ్చి ఆ గూళ్లు చూసి మురిసిపోయేది. "ఇంత గాలికీ ఊగవేంరా ఇవి?"

మెచ్చుకుంటోంది కదా అని గిజిగాడు పొంగిపోయాడు. "లోపల తడిమట్టి ముద్ద అంటిస్తాను దొరా. ఆ బరువుకి కదలవు."

వారం తిరక్కుండా ఏనుగు కోతులను కూర్చోబెట్టి గూళ్లు అల్లించింది. నీళ్ల పక్క కొమ్మలన్నిటికీ అవే వేలాడదీసింది. గిజిగాడిని వెనకాల ముళ్లపొదలోకి పొమ్మంది. మడుగు మట్టి ముట్టొద్దంది.

"అన్యాయం దొరా! పిట్టల్ని ఇక్కడికి రప్పించింది నా గూళ్లే!"

"నిన్ను అల్లొద్దన్నానా? మడుగు నాది, మట్టి నాది. నచ్చకపోతే ఇంత అడవి ఉంది, పో."

ఇంత అడవిలోనూ ఇంకెక్కడా చుక్క నీరు లేదు. గిజిగాడు అంతా వెతికి తిరిగొచ్చి, కోతుల పక్కన కూర్చుని ఏనుగు గూళ్లు అల్లసాగాడు.

ఇవాళ ఒక వడ్రంగిపిట్ట కొత్తగా వచ్చింది. "ఎంత చక్కని తొర్రమ్మా! చెట్టు చావకుండా ఎలా తొలుస్తావు?" అని ఏనుగు మురిసిపోతోంది.

చెప్పొద్దని అరవాలనుకున్నాడు గిజిగాడు. కానీ ముక్కున ఏనుగు గడ్డిపోచ ఉంది. అది కింద పడితే ఈ పూట నీళ్లివ్వరు.

వడ్రంగిపిట్ట సంబరంగా చెప్పడం మొదలుపెట్టింది.