మసక అద్దం

"అదేంటి తాతా! అన్నీ తేట అద్దాలైతే ఇదొక్కటి మసకది పెట్టావు? చూసుకోవద్దూ!" అంది మొక్కల శాస్త్రవేత్త.

మొక్కల గాజుగదిలో పగిలిన అద్దం మార్చడానికి వచ్చిన తాత నిచ్చెన మీదనుంచే నవ్వాడు.

"కింద మొక్క ఉంది కదమ్మా. ఒక్క మాట చెప్పనా..."

"నువ్వు అద్దాల సంగతి చూడు. మొక్కల సంగతి నేను చూసుకుంటాను."

 తాత నిచ్చెన దిగి, వెళ్లబోతూ ఆ మొక్క ఆకును వేలితో ఒకసారి తాకాడు. శాస్త్రవేత్తకు ఒళ్లు మండింది.

మండదూ మరి! ఇంతవరకూ ఏ పుస్తకంలోకీ ఎక్కని మొక్క అది. రెండు నెలల కిందట ఎవరో కుండీతో సహా అట్టపెట్టెలో పెట్టి గేటు దగ్గర వదిలి వెళ్లారు. పేరు లేదు, ఊరు లేదు.

ఆమె వర్ణన రాయడం మొదలుపెట్టింది. 'ఆకులు జంటలుగా, గులకరాళ్లలా బొద్దుగా, నిండా నీటితో...' పువ్వు దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. పువ్వును చూడందే వర్ణన పూర్తికాదు. వర్ణన లేందే మొక్కకు పేరుండదు. ఉన్నది ఒక్కటే మొక్క, అదీ రోజురోజుకూ వాడిపోతోంది.

మళ్లీ మనిషిని పిలిపించే ఓపిక లేక ఆ అద్దాన్ని అలాగే ఉంచేసింది. దాని కింద ఆ మూల మాత్రం ఎప్పుడూ అప్పుడే తెల్లవారుతున్నట్టు ఉండేది.

పది రోజులకు ఆకులు తేరుకున్నాయి. ఇరవయ్యో రోజు సాయంత్రం కునుకులోంచి కళ్లు తెరిచేసరికి ఎదురుగా పువ్వు. తేనెరంగు రేకులు, ఊపిరి తగిలినా వణికేంత పలచన.

కలో నిజమో తేలక ఆమె చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత గబగబా రాసేసింది.

వర్ణన పత్రంలో ఇక ఒక్క గడి మిగిలింది: 'సేకరించినవారు'. మొక్కను వదిలివెళ్లిన ఆ మనిషి ఎవరో తెలిస్తే ఆ పేరే మొక్కకు పెట్టాలని ఆమె ఆశ.

తలెత్తితే మసక అద్దం కనిపించింది. తాత చెప్పబోయిన ఆ ఒక్క మాట ఏమిటో!

మర్నాడే అద్దాల కొట్టు వెతుక్కుంటూ వెళ్లింది. కొట్టు వెనకింటి తలుపు తాత కోడలు తీసింది.

"మామయ్య పోయి నాలుగు రోజులైందండీ."

ఆమె వెనుదిరగబోయింది.

"లోపలికి రండి. చివరిదాకా ఆ కిటికీ దగ్గరే కూర్చునేవారు."

కిటికీకి మూడు మసక అద్దాలున్నాయి. నాలుగోదాని చోట అట్టముక్క కట్టి ఉంది.

చట్రం మీద పెన్సిల్‌తో ముప్పై ఏళ్ల తేదీలు, ప్రతి తేదీ పక్కనా 'ఈ ఏడూ పూసింది' అన్న మాట. కింద గట్టు మీద, గాజుగదిలోని కుండీ అంత గుండ్రటి మచ్చ.