గాడి పడిన రీల్

దారం ఒక్కసారిగా బిగుసుకుంది. తగిలింది చేప కాదని జయరాములుకు వెంటనే తెలిసిపోయింది. చేపైతే గుంజుతుంది, పక్కకు పరుగెడుతుంది. ఇది కదలకుండా, అడుగున బరువుగా వేలాడుతోంది.

"తగిలిందా అన్నా?" వెనక గట్టు మీద నుంచి రాజ్‌మోహన్ అడిగాడు. ఆ మర్యాదకే జయరాములు ఒళ్ళు జలదరించింది.

మోర్దానా డ్యామ్‌లో నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడతను. ఈ పక్క బండ మీద నుంచే మొన్న సాయంత్రం ఒక మనిషి నీళ్ళలో పడడం అవతలి గట్టున మేకలు కాసే ముసలామె చూసింది. బండ మీద దొరికిన చెప్పులూ ఫోనూ దేవరాజులువి. గుడియాత్తంలో జయరాములు మగ్గం పక్క మగ్గం అతనిది. ఫైర్ సర్వీసు వాళ్ళు వెదికి వెదికి వెళ్ళిపోయారు. రాజ్‌మోహన్ మాత్రం వదల్లేదు. అతని ఇసుక లారీ తలారిని తొక్కి చంపడం కళ్ళారా చూసింది దేవరాజులు ఒక్కడే. సోమవారం వేలూరు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిందీ అతనే. శవాన్ని చూస్తే గానీ రాజ్‌మోహన్‌కు నమ్మకం కుదరదు. అందుకే మధ్యాహ్నం వచ్చి, ఈ డ్యామ్‌లోనే చేపలు పట్టే జయరాములును మగ్గం మీద నుంచి లేపి, చేపల రాడ్‌తో సహా కారెక్కించాడు. రాజ్‌మోహన్ కళ్ళ ముందే ఎన్ని గంటలైనా వెదకాలి.

గట్టు మీద దేవరాజులు భార్య సుగంతి నెత్తి బాదుకుంటూ ఏడుస్తోంది.

వాడు కాకూడదు, వాడు కాకూడదు అనుకుంటూ జయరాములు రీల్ పిడి తిప్పాడు. పిడి తిరిగింది గానీ దారం రాలేదు. చుట్టిన దారమంతా ఒకే ముద్దగా రీల్ కండె మీద జారిపోతోంది.

"లాగేదానికి ఇష్టం లేదా?" రాజ్‌మోహన్ నీళ్ళ అంచు దాకా దిగివచ్చాడు.

జయరాములు సంజాయిషీ చెప్పుకున్నాడు. ఇది మామూలు నైలాన్ తీగ కాదు, సన్నటి పోగులు జడలా అల్లిన దారం. నున్నటి కండెను పట్టుకోదు. అడుగున నాలుగు చుట్లు నైలాన్ వేసి దాని మీద ఇది చుట్టమని వేలూరు అంగడాయన చెప్పాడు. నేతగాడు ఒకే కండె మీద రెండు రకాల నూలు ఎక్కిస్తాడా అని తను వినలేదు.

"నీ కండె కతలు నాకొద్దు. అదిమి పట్టుకోని లాగు."

జయరాములు అరచేతిని కండెకు అదిమి రాడ్ ఎత్తాడు. దించుతూ రెండు చుట్లు తిప్పాడు. మళ్ళీ ఎత్తాడు. దారం బ్లేడులా వేళ్ళలోకి దిగింది. రీల్ మీద దారం మలుపు తిరిగే చోట ఉన్న చిన్న రోలర్ కరకరమని అరుస్తోంది. అది ఇసుక పట్టి బిగుసుకుపోయి ఏడాది అవుతోంది. తిరగని రోలర్ మీద ఒకే చోట ఒరిసి ఒరిసి అల్లిక దారం ఇనుములో గాడి కోసింది. ఇప్పుడా గాడి అంచే దారాన్ని కోస్తోంది. పోగులు ఒక్కొక్కటే తెగి నూగులా లేస్తున్నాయి. గట్టిగా ఒక్క గుంజు గుంజితే చాలు, తెగిపోతుంది.

బరువు పైకి వచ్చింది. ముందు నీలం గళ్ళ చొక్కా వీపు, ఉబ్బిపోయి. నేతవీధిలో అందరికీ తెలిసిన దేవరాజులు చొక్కా. సుగంతి ఏడుపు ఒక్క క్షణం ఆగిపోయింది.

ఆ చొక్కా నీళ్ళలో మెల్లగా ఇటు తిరిగింది. జయరాములుకు మూరెడు దూరంలో ఉంది. రాజ్‌మోహన్ కంటికి మధ్యలో జయరాములు వీపు అడ్డం. జయరాములు చూశాడు.

మరుక్షణం కండెను బిగించి రాడ్‌ను పైకి గుంజాడు. టప్పుమంది. నీలం రంగు మునిగిపోయింది.

రాజ్‌మోహన్ బూట్లతోనే నీళ్ళలోకి దూకి అతని మెడ పట్టుకున్నాడు. "కోసినావా?"

రాజ్‌మోహన్ అతని మొలలో, జేబుల్లో కత్తి కోసం తడిమాడు. ఏమీ దొరకలేదు. తెగిన కొసను వేళ్ళ మధ్య పెట్టి చూశాడు. కోసినట్టు నున్నగా లేదు, కుంచెలా విచ్చుకుని ఉంది. జయరాములు వేలితో రోలర్ చూపించాడు. రాజ్‌మోహన్ గోరు పెట్టి గీశాడు. గోరు గాడిలో దిగింది.

"చూసినావా?"

"చూసినాను సార్."

"యెవురు?"

"దేవరాజులే. మొగం చూసినాను. చేపలు కొరికేసి ఉండాయి."

రాజ్‌మోహన్ చాలాసేపు అతని కళ్ళలోకి చూశాడు. జయరాములు పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నెత్తురు చేతి నుంచి రీల్ మీద కారుతోంది. ఆ భయం నటన కాదని వాడికి నమ్మకం కుదిరినట్టుంది. మెడ వదిలాడు. గట్టెక్కి ఫోన్ తీసి, సోమవారం కోర్టుకు భయపడే పని లేదని ఎవరికో చెబుతూ కారు ఎక్కాడు.

జయరాములు పాకుతున్నట్టే ఒడ్డుకు చేరి సుగంతి పక్కన కూలబడ్డాడు. కారు కదిలిన చప్పుడు వినబడే దాకా ఊపిరి బిగబట్టి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఏడవద్దమ్మా. అది వాడు కాదు. ఆ చొక్కాకు తలకాయే లేదు. లోపలంతా రాళ్ళుండాయి."

సుగంతి గుండెలు బాదుకోవడం ఆపలేదు. మొహం మీద పడ్డ జుట్టు చాటు నుంచి మెల్లగా అంది.

"రాళ్ళు పెట్టి కుట్టింది నేనేన్నా. ఆయన సోమవారం కోర్టులో నిలబడే దాకా నేను ఏడవాల్సిందే. వాడి కారు మలుపు తిరిగిందా, చూడు."