లూప్ లైన్లో మూడు గంటలు

"మన మేడ కనిపిస్తోంది. ఆరేసిన అమ్మ దుప్పట్లు కూడా," అన్నాడు ఆపరేటర్, ఫోన్లో భార్యతో.

అతను నడిపే పట్టాల మరమ్మతు యంత్రాన్ని కొత్త పనిచోటికి చేర్చడానికి గూడ్సు చివర తగిలించారు. వేరే బళ్లకు దారివ్వడానికి ఆ గూడ్సును అతని సొంత ఊరి బయటే, పక్కనుండే లూప్ లైన్లో ఆపేశారు.

"దిగి రావచ్చుగా?"

"యంత్రాన్ని వదిలి దిగకూడదు. మూడు గంటలుగా ఈ ఇనప్పెట్టెలో ఉడికిపోతున్నా. నువ్వే కంచె దాకా రా."

"అత్తయ్యను ఎవరికి అప్పజెప్పి రాను? ఆవిడ మంచాన పడ్డాక నేను గడప దాటి నాలుగు నెలలైందండీ."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నాలుగు నెలలూ అతను ఫోన్లో అడిగింది అమ్మ గురించే.

బండి కదిలింది.

"యంత్రం అప్పజెప్పగానే సెలవు పెట్టి వస్తా. అమ్మ దగ్గర నేనుంటా. నువ్వు ఎక్కడికైనా వెళ్లిరా."



"ఎక్కడికెళ్లాలో తోచట్లేదండీ," అందామె.