ఆదివారం తుడిచే పిస్టల్

"సంచి మూతి తాడు లోపలికి జారిపోయిందే," అంది తల్లి.

తుపాకుల దుకాణంలో బల్ల ముందు కూర్చున్నారు తల్లీకూతుళ్ళిద్దరూ. సంచిలోంచి తీసిన పిస్టల్ బల్ల మీద ఉంది. చనిపోయిన తండ్రిది. ఎంత పలుకుతుందో తెలుసుకుని అమ్మేయడానికి వచ్చారు. తల్లి మాత్రం నడుముకి దోపుకున్న తాళాల గుత్తి తీసి, దానికి వేలాడే సన్నటి ఇనుప ముక్కకి తాడు కొస చుట్టి, సంచి అంచులోకి తోస్తోంది.

కూతురికి ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పుడు తన లంగాలకి బొందులెక్కించిందీ ఆ ముక్కతోనే. ఇల్లు కూలిపోతున్నా ఈ మనిషి ఓ మూల కూర్చుని బొందులెక్కిస్తూనే ఉంటుంది.

"అమ్మా, మళ్ళీ చెప్తున్నా. వచ్చిన డబ్బు నీ పేర బ్యాంకులో వేసేస్తా. అక్కడితో నీకూ నాకూ చెల్లు. నాకు ఫోన్ చెయ్యొద్దు, తమ్ముడితో కబుర్లు పంపొద్దు."

"సరేనే," అంది తల్లి, తాడు మీంచి కళ్ళెత్తకుండా.

ఆ సరే అనడమే కూతురికి గిట్టదు. తండ్రి కంచం విసిరికొట్టినా సరే, అర్ధరాత్రి గుమ్మంలో నిలబెట్టినా సరే. ఎదురు చెప్పడం ఈవిడ పుట్టాక నేర్చుకోలేదు.

దుకాణదారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చి పిస్టల్ మీద చెయ్యి వేయబోయాడు.

"నిండుగా ఉంది బాబూ," అంది తల్లి. "గొట్టంలో కూడా ఒకటుంటుంది. చూసి తియ్యండి."

ఆయన చెయ్యి చటుక్కున ఆగిపోయింది. పిస్టల్‌ని గోడవైపు తిప్పి, తూటాల పెట్టె ఊడదీసి, పైభాగం వెనక్కి లాగాడు. లోపలున్న తూటా ఎగిరి బల్ల మీద పడి దొర్లింది.

"తూటాలున్నాయా దీన్లో?" కూతురు లేచి నిలబడింది. "బస్సులో నా ఒళ్ళో పెట్టావు కదమ్మా."

"ఏం కాదులే, కూర్చో."

దుకాణదారు గొట్టం మీద ముద్రని భూతద్దంతో చూశాడు. "పాత యుద్ధంలో అధికారుల కోసం చేసింది. ఇది మీకెలా వచ్చింది?"

"పిల్లలు చిన్నప్పుడు, ఆయన మిలిటరీలోంచి రిటైరయ్యేటప్పుడు పై అధికారి బహుమతిగా ఇచ్చారు. లైసెన్సు కూడా ఉంది."

"వీటికి నంబరే ప్రాణమమ్మా. చివరి రెండంకెలు ప్రతి భాగం మీదా కొట్టి ఉంటాయి. గొట్టం మీద నలభై ఏడు. పైభాగం మీదా నలభై ఏడే. ఒక్క తుప్పు చుక్క లేదు. ఎవరు చూసుకునేవారు?"

"నేనే. ప్రతి ఆదివారం విప్పి, తుడిచి, నూనె రాసేదాన్ని. ఆయన ముట్టుకునేవారు కాదు. నేను సర్ది ఇచ్చాక తూటాలు మాత్రం లెక్కపెట్టుకునేవారు. ఒక్కటి తగ్గినా ఊరుకోరు."

"చెప్పు, గొప్పగా చెప్పు," అంది కూతురు. "తాగొచ్చి నా మొహం మీద పెట్టి నొక్కాడు గుర్తుందా? టక్కుమంది. ఖాళీదనుకున్నాను ఇన్నేళ్ళూ. తెల్లారేసరికి ఆయనకేమీ గుర్తులేదు. నీకు గుర్తుందిగా? అది నిండుగా ఉందని తెలిసి కూడా మళ్ళీ ఆదివారం కూర్చుని తుడిచావు. నువ్వు తల్లివేనా?"

తల్లి తాడు కొసని ఇంకాస్త లోపలికి తోసింది.

"మమ్మల్ని నువ్వు కొట్టింది ఒకే ఒక్కసారి. ఎందుకో తెలుసా? ఆయన తుపాకీ తీస్తే తమ్ముడు భయపడకుండా నవ్వాడని. వాడి చెంప పగలగొట్టావు. మేం వణికితేనే నీకు నిశ్చింత."

దుకాణదారు ఎటు చూడాలో తెలియక తల వంచుకుని పని చూసుకున్నాడు. వెనకనున్న చిన్న పలక జరిపి లోపలికి చూశాడు. టార్చి వేసి మళ్ళీ చూశాడు.

"ఇది పేలదమ్మా," అన్నాడు. "తూటాని గుద్దే పిన్ను లేదు. మీట నొక్కితే వెనకనున్న సుత్తి పడి టక్కుమంటుంది, అంతే."

"విరిగిపోయిందా?" అడిగింది కూతురు.

"లేదు, ఎవరో తీసేశారు. పిన్ను లాగేసి, పలక మళ్ళీ ఎలా ఉన్నది అలా పెట్టేశారు. దీన్ని విప్పడం బాగా తెలిసినవాళ్ళ పని."

కూతురు కుర్చీలో కూలబడింది. కాసేపటికి ఏడుపొచ్చింది. తండ్రి పోయినప్పుడు కూడా ఏడవలేదు తను.

"నాన్నే తీశాడు," అంది. "తాగితే తన చెయ్యి తన మాట వినదని తెలిసి ముందే తీసేశాడు. ఆ రాక్షసుడికున్న జాలి కూడా నీకు లేకపోయింది కదమ్మా."

తల్లి కూతురి మొహంకేసి చూసింది. తర్వాత తాడు కొస పట్టుకుని బయటికి లాగింది.

"ఆ పిన్ను లేకపోతే విలువ సగానికి పడిపోతుంది," అన్నాడు దుకాణదారు. "కొత్తది వేసినా నంబరు కలవదు. ఇంట్లో ఎక్కడన్నా పడుందేమో వెతకండి."

"ఆయన ఎప్పుడో పారేసుంటాడు. ఎంతొస్తే అంతకే తీసుకోండి." కూతురు కళ్ళు తుడుచుకుని చేతిసంచి అందుకుంది. "నేను వెళ్తున్నా. నువ్వు బస్సెక్కి ఇంటికి పో."

తల్లి సంచి తాడు ముడి వేయడం పూర్తి చేసింది. గుత్తికి వేలాడే ఇనుప ముక్కని గోటితో విడదీసి బల్ల మీద పెట్టింది.

దుకాణదారు దాన్ని దీపం కిందికి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్నీ, భూతద్దాన్నీ కూతురి ముందుకు జరిపాడు. ఆమె విసుగ్గా వంగి చూసింది.

దాని మీద నలభై ఏడు అని ఉంది.